లైటు వేస్తే 60 చూపించే మీటరు

విశాఖపట్నం

అమ్మలూ,

మొన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు మీ అత్తయ్య వంటింట్లోంచి పిలుస్తుంటే సగమే విన్నాను. అందుకే ఈ ఉత్తరం. సైకిల్ కంప్యూటరు, అదే హ్యాండిల్ మీద వేగం, దూరం చూపించే మీటరు, పొద్దున నానక్‌రామ్‌గూడ ట్రాక్ మీద బాగానే ఉంటోంది, సాయంత్రమైతే ఉన్నట్టుండి 60 అంటోంది, కాసేపటికి సున్నా అంటోంది, షాపుకి తిరిగిచ్చేస్తా అన్నావు. అప్పుడే ఇచ్చేయకు. పొద్దున చెయ్యకుండా సాయంత్రం మాత్రమే నువ్వు చేసే పని ఒకటుంది. హెడ్‌లైటు వేస్తావు.

నువ్వు కొన్నది వైరు లేని చవక రకం. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కుకి కట్టే దాని సెన్సార్‌లో ఒక చిన్న గాజు గొట్టం, అందులో రెండు పల్చటి లోహపు రేకులు ఉంటాయి. స్పోకుకి బిగించిన అయస్కాంతం ఎదురుగా వచ్చిన ప్రతిసారీ ఆ రేకులు అంటుకుంటాయి. వెంటనే సెన్సార్ ఒక రేడియో సంకేతం వదులుతుంది, హ్యాండిల్ మీది మీటరు దాన్ని లెక్కపెట్టుకుంటుంది. అది చక్రం పంపిన సంకేతమా, పక్కనున్న వస్తువు చేసిన గోలా అన్నది చవక మీటరుకి తెలియదు. ఎల్‌ఈడీ లైటు లోపలి సర్క్యూట్ సెకనుకు వేలసార్లు ఆన్ ఆఫ్ అవుతూ అలాంటి గోలే చేస్తుంది. కాబట్టి లైటును హ్యాండిల్‌కి ఆ చివర, మీటరును ఈ చివర పెట్టు. చక్రం ఆపి, లైటు వేసి, మీటరు వంక చూడు. బండి కదలకుండానే వేగం చూపిస్తే దొంగ దొరికినట్టే. హైటెన్షన్ తీగల కింద, రైలు పట్టాల దగ్గర కూడా ఇలా కావచ్చు, అక్కడ కంగారుపడకు. ఇదే మోడల్ ఉన్న స్నేహితురాలు నీ పక్కనే తొక్కుతుంటే ఆమె చక్రం లెక్క నీ మీటర్లో పడొచ్చు. మూడడుగుల ఎడంగా తొక్కండి, కబుర్లు టీ కొట్టు దగ్గర చెప్పుకోవచ్చు.

సున్నా చూపించడం వేరే జబ్బు. అయస్కాంతానికీ సెన్సార్‌కీ మధ్య సందు ఎక్కువైందన్నమాట. రూపాయి బిళ్లలు రెండు ఒకదాని మీద ఒకటి పెడితే ఎంత మందమో అంత సందు చాలు, 5 మిల్లీమీటర్లు దాటనివ్వకు. సెన్సార్ మీద ఒక గీత ఉంటుంది, అయస్కాంతం సరిగ్గా దాని ఎదురుగా పోవాలి. సందు తగ్గకపోతే సెన్సార్‌ను ఫోర్కు మీద, అయస్కాంతాన్ని స్పోకు మీద కొంచెం హబ్ వైపు, అంటే చక్రం నడిమధ్యకి జరుపు. అక్కడ స్పోకులు ఫోర్కుకి దగ్గరవుతాయి. మరీ కిందికి మాత్రం వద్దు. సెన్సార్ నుంచి మీటరు దాకా 60, 70 సెంటీమీటర్లు మించితే సంకేతం అందదు. నీది డిస్క్ బ్రేకు కదా, ఎడమవైపు డిస్కు అడ్డం, కుడి ఫోర్కుకే కట్టు. జిప్ టైలు బిగించే ముందు కింద రబ్బరు ముక్క వెయ్యి, లేకపోతే గతుకులకి సెన్సార్ పక్కకి తిరిగిపోతుంది.

ఇక అసలు సంగతి. ఇది నువ్వు చెయ్యలేదని పందెం కడతాను. ఈ మీటరుకి తెలిసింది ఒక్కటే, చక్రం ఎన్నిసార్లు తిరిగిందో. ఒక్క చుట్టుకి బండి ఎంత దూరం పోతుందో నువ్వే చెప్పాలి, మిల్లీమీటర్లలో. పెట్టెలోంచి తీసినప్పుడు అందులో ఏదో ఒక అంకె ఉంటుంది, అది నీ చక్రానిది కాకపోవచ్చు. నీ 700x32 టైరుకి పట్టికల్లో 2155 అని ఉంటుంది. మీటర్లో 2060 ఉండిపోయిందనుకో, నువ్వు 112 కిలోమీటర్లు తొక్కితే అది 107 అంటుంది. బ్రెవే, అంటే గడువులోపు పూర్తి చెయ్యాల్సిన దూరపు సైకిల్ యాత్ర, దాని నిర్వాహకులు ఇచ్చే రూట్ షీట్‌లో '112 దగ్గర ఎడమకి' అని రాసి ఉంటే, నువ్వు ఆ మలుపు దాటి ఇంకో ఐదు కిలోమీటర్లు తిన్నగా పోతావు.

పట్టికను కూడా పూర్తిగా నమ్మకు, కొలుచుకో. ముందు టైరులో నువ్వు రోజూ కొట్టే గాలే కొట్టు. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో వాల్వు నేలకి ఆనేలా చక్రం నిలబెట్టి, అక్కడ సుద్దముక్కతో గీత గియ్యి. తర్వాత సీటు మీద కూర్చో, ఖాళీ బండిని తోస్తే లెక్క తప్పుతుంది. మనిషి బరువుకి టైరు కొంచెం అణుగుతుంది, తేడా వచ్చేది అక్కడే. మీ తమ్ముణ్ణి పక్కన పట్టుకోమని, వంకర పోకుండా మూడు చుట్లు ముందుకి పోనివ్వు. వాల్వు మూడోసారి కిందికి వచ్చిన చోట ఇంకో గీత. టేపుతో కొలిచి మూడుతో భాగించు. 6 మీటర్ల 45 సెంటీమీటర్లు వచ్చిందనుకో, నీ అంకె 2150. సెట్ బటన్ నొక్కిపట్టి అదే ఎక్కించు. కొన్ని మోడళ్లు చుట్టుకొలత కాకుండా చక్రం వ్యాసం అడుగుతాయి, మీటరుతో వచ్చిన కాగితం చదివి చూసుకో. టైరు మార్చినప్పుడల్లా మళ్లీ కొలవాలి.

చలికాలంలో 200 కిలోమీటర్ల బ్రెవే తొక్కుతానన్నావు. దానికి గడువు పదమూడున్నర గంటలు. మీటర్లో సగటు 20 కనిపిస్తోంది కదా అని నిశ్చింతగా ఉండకు. నువ్వు ఇడ్లీ తింటున్నంతసేపూ ఆ సగటు కదలదు, చక్రం తిరిగిన సమయాన్నే అది లెక్కేస్తుంది. నిర్వాహకుల గడియారం మాత్రం ఆగదు. 20 సగటుతో 200 అంటే పది గంటలు, దారిలో మూడు గంటలు ఆగావనుకో, మిగిలేది అరగంట. ఒక పంక్చరు పడితే అదీ పోతుంది. కాబట్టి ఆ రోజు సగటు చూడ్డం మానేసి దూరం, టైము రెండే చూసుకో. మధ్యలో హాజరు వేయించుకునే కంట్రోల్ పాయింట్లకి కూడా గడువులుండొచ్చు, ఉంటే వాటిని ఒక చీటీ మీద రాసి హ్యాండిల్‌కి అంటించుకో. ట్రాఫిక్‌లో, స్పీడ్ బ్రేకర్ల దగ్గర మీటరు వంక అసలు చూడొద్దు.

బ్యాటరీ చాలావాటిలో సీఆర్2032 బిళ్ల, సెన్సార్‌లో వేరే ఉంటుంది. అది నీరసించినా అంకెలు వచ్చిపోతుంటాయి. మీటరు బ్యాటరీ మార్చేముందు మొత్తం కిలోమీటర్లు ఎక్కడైనా రాసుకో, తీసేస్తే కొన్నిట్లో చెరిగిపోతాయి. తీసిన బిళ్లను టేబుల్ మీద వదలకు. మీ ఇంట్లో బుడ్డోడున్నాడు, వాడికి దొరికిందల్లా నోట్లోకే. అది గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే గొంతు లోపల కాలిపోవచ్చు. మింగాడన్న అనుమానం వచ్చినా సరే, కక్కించే ప్రయత్నం చెయ్యకుండా వెంటనే ఆస్పత్రికి పరిగెత్తండి.

ఎండలో బండి నిలిపితే స్క్రీన్ నల్లబడుతుంది, నీడకొస్తే మామూలవుతుంది. వానకి తడిస్తే పొడిగుడ్డతో తుడువు చాలు.

ముందు లైటు జరిపి చూడు, తర్వాత సెల్లార్‌లో కొలిచిన అంకె నాకు పంపు. లైటు ఎంత దూరం జరిపినా 60 చూపిస్తూనే ఉంటే, నా దగ్గర పాత వైరు మీటరు ఒకటి ఊరికే పడి ఉంది. సంక్రాంతికి వచ్చేటప్పుడు పట్టుకొస్తాను.

ఆశీస్సులతో,
మామయ్య