హెర్నియా, వరిబీజం ఒకటేనా?

సందేహం: మా నాయన చాలా ఏండ్లు మండీలో మూటలు మోసినాడు. గజ్జల్లో గడ్డ లేస్తే ఊళ్లో అందరూ వరిబీజం అన్నారు. కర్నూలు పెద్దాసుపత్రి చీటీలో మాత్రం హెర్నియా అని ఉంది. రెండూ ఒకటేనా? హెర్నియాకు తెలుగు మాట లేదా?
– ఎమ్మిగనూరు నుంచి ఒక పాఠకురాలు

సమాధానం: ఒకటి కాదమ్మా. వరిబీజంలో బీజమంటే విత్తనం కాదు, వృషణం. దాని చుట్టూ ఉన్న పొరలో నీరు చేరి ఉబ్బితే అది వరిబీజం. డాక్టర్లు హైడ్రోసిల్ అంటారు. హెర్నియాలో చేరేది నీరు కాదు. పొట్ట గోడ బలహీనపడిన చోట పేగో, కొవ్వో బయటికి తోసుకొస్తుంది. గజ్జల్లో మొదలైన హెర్నియా ముదిరితే వృషణాల సంచిలోకే దిగుతుంది. అప్పుడు పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి జనం నోట ఒకే పేరు పడింది.

ఈ పొరపాటును చూసీ చూడనట్టు వదలడానికి నాకు మనసొప్పదు. వరిబీజమంటే సూదితో నీరు తీస్తే పోతుందని నమ్మేవాళ్లు ఇంకా ఉన్నారు. లోపలున్నది పేగైతే ఆ సూది ప్రాణం మీదికి తెస్తుంది.

పాత వైద్యులు ఈ తేడా గుర్తించారు. సుశ్రుత సంహితలో 'వృద్ధి' అనే వ్యాధిని 7 రకాలుగా చెప్పారు. అందులో నీటితో ఉబ్బేది మూత్రవృద్ధి, పేగు దిగేది ఆంత్రవృద్ధి. ఆంత్రమంటే పేగు. మాట సరైనదే కానీ, ఇవాళ ఆంత్రవృద్ధి అంటే ఎంతమందికి అర్థమవుతుంది? ఇక 'బుడ్డ' అనే మాటను కొందరు వరిబీజానికీ, కొందరు హెర్నియాకూ వాడతారు. పైగా మన కర్నూలు, అనంతపురం పల్లెల్లో బుడ్డలంటే శనక్కాయలు. గజ్జల్లో 'బిళ్ళలు కట్టడం' మరో సంగతి. కాలికి పుండైనప్పుడు గజ్జల్లో వాచే గ్రంథులవి.

నా మటుకు రాతలో హెర్నియా అనే రాయాలి, పక్కన 'పేగు జారడం' అని విడమర్చాలి. మన పెద్దవాళ్లు 'పేగు దిగింది' అన్నా తప్పులేదు. ఏ చోటో కూడా చెబితే రకం తెలిసిపోతుంది. గజ్జల్లో వచ్చేదే అన్నిటికంటే ఎక్కువ, అదీ మగవాళ్లలో. దానికి కొంచెం కింద, తొడ మొదట్లో వచ్చేది ఆడవాళ్లలో ఎక్కువ. బొడ్డు దగ్గర వచ్చేది ఒకటి, పాత ఆపరేషన్ కుట్ల దగ్గర వచ్చేది ఇంకొకటి. ఒక్క రకానికి మాత్రం 'జారడం' కుదరదు. జీర్ణాశయం పైభాగం ఉదరవితానం (పొట్టకూ ఛాతీకీ మధ్య అడ్డుగా ఉండే కండరపు పొర) దాటి ఛాతీలోకి పోయే హయేటస్ హెర్నియా అది. పైకి పోయేదాన్ని జారిందని ఎలా అంటాం? 'ఛాతీలోకి చొచ్చుకుపోయింది' అనాలి. అలాగే 'గర్భసంచి జారడం' వేరే జబ్బు, హెర్నియా కింద రాయకూడదు.

'మూటలు మోసి పేగు జారింది' అనడంలో సగం నిజముంది. బరువెత్తితే కడుపులో ఒత్తిడి పెరుగుతుంది, కానీ గోడలో బలహీనత కూడా ఉండాలి. కొందరికది పుట్టుకతోనే ఉంటుంది. తగ్గని దగ్గు, మలబద్ధకంతో ముక్కడం, ప్రోస్టేట్ పెరిగి మూత్రానికి కష్టపడడం, లావు, గర్భం ఇవన్నీ ఒత్తిడి పెంచేవే. మీ నాయన బీడీ తాగి దగ్గుతుంటే ముందు ఆ సంగతి చూడండి. ఆపరేషన్ తర్వాత కూడా దగ్గు పోకపోతే మళ్లీ వచ్చే అవకాశముంది.

'మందుతో హెర్నియా కరిగింది' అన్న వాక్యం ఎక్కడ కనిపించినా నమ్మకండి. మందుతో గోడ సందు పూడదు. బెల్టు కాసేపు అదిమి పెడుతుందంతే. పెద్దవాళ్లకు ఆపరేషనే దారి. జారినదాన్ని లోపలికి నెట్టి, బలహీనమైన చోట సాధారణంగా మెష్ అనే వల వేసి కుడతారు. కోసి చేస్తారు, చిన్న రంధ్రాలతో ల్యాప్రోస్కోపీలోనూ చేస్తారు. చిన్నగా ఉండి బాధ లేకపోతే కొందరు మగవాళ్లకు డాక్టర్ ఆగి చూద్దామనవచ్చు. పసిపిల్లల బొడ్డు హెర్నియా మాత్రం చాలామందిలో నాలుగైదేళ్లలోపు దానంతటదే మూసుకుంటుంది. దాని మీద నాణెం పెట్టి కట్టడం అనవసరం.

డాక్టర్ దగ్గర జబ్బు పేరు చెప్పకపోయినా ఫర్వాలేదు, క్రియాపదం సరిగ్గా చెప్పండి. 'దగ్గితే ఉబ్బుతోంది, పడుకుంటే లోపలికి పోతోంది' అంటే డాక్టర్‌కు హెర్నియా ఆలోచన వెంటనే వస్తుంది. 'ఇంతకుముందు పోయేది, ఇప్పుడు పోవడం లేదు' అనాల్సి వచ్చి, దానికి తోడు నొప్పి, వాంతులు, గ్యాస్ కూడా పోకపోవడం ఉంటే పేగు ఇరుక్కుని రక్తం అందడం లేదేమో. అప్పుడు తెల్లారేదాకా ఆగకుండా ఆ రాత్రే పెద్దాసుపత్రికి తీసుకుపోండి.