పాలపళ్ళకు ఫ్లోరైడ్ పూత

ప్రశ్న: మా నాలుగేళ్ల పాపకు పళ్ళు పుచ్చకుండా ఫ్లోరైడ్ వార్నిష్ వేయిద్దామని డాక్టరు గారు అన్నారు. మా సొంతూరు నల్లగొండ వైపు కావడంతో ఆ మాట వింటేనే భయంగా ఉంది. వేయించవచ్చా?
– ఒక తల్లి, దిల్‌సుఖ్‌నగర్, హైదరాబాద్

జవాబు: నిస్సంకోచంగా వేయించండి. మీ భయం సహజమే గానీ, ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న బోరునీటిని ఏళ్ల తరబడి తాగడం వల్ల పళ్ళు, ఎముకలు దెబ్బతినే ఫ్లోరోసిస్ జబ్బుకూ, ఏడాదికి రెండుసార్లు పళ్ళపై చుక్క మందు పూయడానికీ పోలిక లేదు. సాధారణంగా 5 శాతం సోడియం ఫ్లోరైడ్ ఉండే ఈ పూత లాలాజలం తగలగానే గట్టిపడి, పంటిని అంటిపెట్టుకుని, ఎనామిల్ (పంటి గట్టి పైపొర) కోల్పోయిన ఖనిజాలు తిరిగి చేరడానికి తోడ్పడుతుంది. చిగురు అంచున సుద్దలాంటి తెల్లమచ్చలు కనిపించే దశలో మేలు ఎక్కువ. గుంట పడ్డాక మాత్రం పూత దాన్ని పూడ్చలేదు. ఆ పూట మురుకులు, పల్లీపట్టీల వంటివి పెట్టకండి. పాపకు ఉబ్బసం, అలర్జీలు ఉంటే డాక్టరు గారికి ముందే చెప్పండి.