ఇళ్లు మునగకపోతే ఆదివాసీలకు నష్టం లేనట్టేనా? బలిమెల డ్యామ్ పక్కన పెరిగినవాడిగా నా జవాబు

మీరు కోరాపుట్ జిల్లాలో టీచరుగా ఉన్న ఊళ్లో, కొండ మీద పంప్డ్ స్టోరేజీ కరెంటు ప్రాజెక్టుకని సర్వే రాళ్లు పాతుతున్నారని రాశారు. ఖాళీ చెయ్యాల్సిన ఇళ్లు చాలా తక్కువ, అందుకని ఆదివాసీలకు పెద్దగా పోయేదేమీ లేదని సర్వేవాళ్లు అంటున్నారట. అది నిజమేనా, ఊరివాళ్లు ఇప్పుడేం చెయ్యాలి అన్నది మీ ప్రశ్న.

ఇళ్లు లెక్కపెట్టి నష్టం తేల్చడం తప్పు. మా దగ్గర ఎక్కువగా పోయింది కాగితం మీద లేని ఆస్తే. కాగితం మీద లేదు కాబట్టే దానికి పైసా రాలేదు. మీ ఊరివాళ్లు తమ ఆస్తిని కాగితం మీదికి ఎక్కించే పని ఇప్పుడే చూసుకోవాలి.

మాది మల్కన్‌గిరి జిల్లా చిత్రకొండ. బలిమెల డ్యామ్ కట్టేటప్పుడు మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి కూలికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. మాలాంటి తెలుగు కుటుంబాలు ఇక్కడ చాలానే ఉన్నాయి. ఆ డ్యామ్ మాకు తిండి పెట్టింది, ఆ మాట కాదనను. అదే డ్యామ్ ఇక్కడి ఆదివాసీ తెగలైన దిడాయిలను, కోందులను, పరజలను ఏం చేసిందో కూడా చూస్తూనే పెరిగాను.

మాచ్‌ఖండ్ నదే కిందికి దిగాక సీలేరు అవుతుంది. పైన జలాపుట్ డ్యామ్ నీళ్లతో 1955లోనే మాచ్‌ఖండ్ కరెంటు మొదలైంది. తర్వాత అదే నది మీద బలిమెల కట్టారు. నీళ్లు ఆంధ్రకీ ఒడిశాకీ చెరిసగం. ఆంధ్ర వాటా సీలేరు పవర్‌హౌసులకు పోతుంది. ఒడిశా వాటా 510 మెగావాట్ల బలిమెల పవర్‌హౌస్‌ని తిప్పి పొట్టేరు కాలువల్లోకి దిగుతుంది. కింద మైదానంలో రెండు పంటలు పండాయి. పైన కొండల్లో 151 ఊళ్లకి మాత్రం ‘కటాఫ్ ఏరియా’ అన్న పేరు మిగిలింది. మూడు వైపులా నీళ్లు, మిగిలిన వైపు ఆంధ్ర అడవి. ఆ ఊళ్లు నీళ్ల కింద లేవు, నీళ్ల అవతల ఉన్నాయి. 910 మీటర్ల గురుప్రియ వంతెన 2018 జూలైలో తెరిచేదాకా వాళ్లకి లాంచీయే దారి.

చిత్రకొండ సంతలో మాకు చిన్న కిరాణా కొట్టు ఉండేది. అవతలి ఊళ్ల ఆడవాళ్లు చింతపండు, పసుపు, అడ్డాకులు గంపల్లో తెచ్చి మా కొట్టు ముందే కూర్చునేవాళ్లు. షావుకార్లు పొద్దుట బేరం మొదలుపెట్టి కావాలనే సాగదీసేవాళ్లు. మధ్యాహ్నం లాంచీ హారన్ కొట్టేసరికి ఆ ఆడవాళ్లు చెప్పిన ధరకల్లా గంపలు ఒంపేసి రేవుకి పరిగెత్తేవాళ్లు. లాంచీ తప్పితే ఆ రాత్రి ఎవరి అరుగు మీదో పడుకోవాలి, ఇంట్లో చంటిపిల్లలుంటారు. ఇలా ఎన్ని సంతలు, ఎన్నేళ్లు! ఈ నష్టానికి పరిహారం లిస్టులో కాలమే లేదు.

ఇంకో నష్టం పొలాలది. ఎండాకాలం రిజర్వాయరు దిగినప్పుడు ఒడ్డున ఒండ్రు నేల బయటపడుతుంది. అందులో కూరగాయలు, చోళ్లు (రాగులు) వేసుకునే కుటుంబాలు నాకు తెలుసు. కొన్నేళ్లు పంట చేతికొచ్చేది. కొన్నేళ్లు కోతకి ముందే నీళ్లు ఎక్కేవి. గేట్లు, టర్బైన్లు కరెంటు అవసరాన్ని బట్టి నడుస్తాయి, ఒడ్డునున్న చేనుని బట్టి కాదు. ముందుగా చాటింపు వేయించమని ఒక ఆఫీసుకి ఊరివాళ్లతో కలిసి నేనూ వెళ్లాను. ‘ఆ నేల మీ సొంతమా? పట్టా ఉందా?’ అని అడిగారు. అంతటితో మాట అయిపోయింది. నాకు ఇప్పటికీ మండిపోతుంది.

పట్టా ఎందుకు లేదో చూడండి. అవిభక్త కోరాపుట్ జిల్లాలో సెటిల్‌మెంట్ (ఏ భూమి ఎవరిదో కొలిచి రికార్డు రాయడం) చేసినప్పుడు 10 డిగ్రీలకి మించి వాలున్న కొండ నేలని సర్వే చెయ్యకుండా ప్రభుత్వ భూమిగా రాసేశారు. ఆదివాసీ బతికేదే ఆ వాలు మీద. తాతల నాటి పోడు, ఇప్పచెట్లు, జీలుగుచెట్లు, పూజ చేసుకునే తోపు, అన్నీ రికార్డులో సర్కారువే. రేపు ప్రాజెక్టు వస్తే సర్కారు భూమిని సర్కారే ఇచ్చేస్తుంది. ‘పట్టా భూమి పెద్దగా పోవడం లేదు’ అనే మాట ఇక్కణ్నుంచే వస్తుంది.

పంప్డ్ స్టోరేజీ గురించి మీరు ప్రత్యేకంగా అడిగారు కదా. కొండ మీద ఒక చెరువు, కింద ఒక చెరువు ఉంటాయి. పగలు సోలార్ కరెంటు చవకగా ఉన్నప్పుడు నీళ్లు పైకి తోడతారు, సాయంత్రం గిరాకీ పెరిగినప్పుడు కిందికి వదిలి కరెంటు తీస్తారు. తోడటానికి పట్టే కరెంటు కన్నా తిరిగి వచ్చేది తక్కువే. అయినా సోలార్, గాలి కరెంటు పెరిగేకొద్దీ దాచుకునే దారి కావాలి, ఆ అవసరాన్ని నేను తీసిపారెయ్యను. మా ఎదుటి ఒడ్డున ఆంధ్రలో ఎగువ సీలేరు దగ్గరే 1,350 మెగావాట్లది తలపెట్టారు. కానీ పై చెరువు పడేది సరిగ్గా పోడూ, ఊటలూ ఉన్న చోట. కొండ లోపల సొరంగాలు తవ్వితే కింద గెడ్డల్లో (కొండవాగుల్లో) ఊటలు ఏమవుతాయన్నది మొదట అడగాల్సిన ప్రశ్న, ఎందుకంటే మీ వైపు ఝోలా (వాగు లోయలో మెట్లుగా కట్టిన) వరిమళ్లన్నీ ఆ ఊటల మీదే పండుతాయి. చెరువుల్లో నీటిమట్టం కూడా రోజూ ఎక్కి దిగుతుంది. ఏడాదికోసారి ఎక్కిదిగే రిజర్వాయరు ఒడ్డునే పంట నిలవకపోతే, రోజూ కదిలే నీళ్ల ఒడ్డున ఏం వేస్తారు, పశువుల్ని ఎక్కడ దింపుతారు?

ఇక చెయ్యాల్సిన పని. కోరాపుట్ మొత్తం ఐదో షెడ్యూల్ ప్రాంతం, అంటే ఆదివాసీలకు రాజ్యాంగం ప్రత్యేక రక్షణ ఇచ్చిన ప్రాంతం. 2006 అటవీ హక్కుల చట్టం కింద క్లెయిములు వెయ్యండి. మనిషి మనిషికీ సాగు భూమి క్లెయిము ఒక్కటే చాలదు. మేత, ఇప్పపువ్వు, శ్మశానం, దేవుడి తోపు, నీటి ఊటలు, ఇవన్నీ ఊరి ఉమ్మడి హక్కులుగా వెయ్యాలి. చాలా ఊళ్లు ఇక్కడే వదిలేస్తాయి. సాక్ష్యానికి పెద్దల వాంగ్మూలం రాసి పెట్టినా చెల్లుతుంది, రాతి గట్లు, సమాధులు కూడా చెల్లుతాయి. ఒక్కటి కాకుండా కనీసం రెండు రకాల సాక్ష్యాలు పెట్టండి. ముసలివాళ్ల మాటలు ముందు రాయించండి, వాళ్లు ఎల్లకాలం ఉండరు. అటవీ, రెవెన్యూ మ్యాపులు ఊరికి ఇవ్వాల్సింది ఆ చట్టం కింద క్లెయిములు చూసే సబ్‌డివిజన్ కమిటీయే, రాతపూర్వకంగా అడగండి. వేసిన ప్రతిదానికీ రసీదు తీసుకోండి. ఈ క్లెయిముల పరిశీలన పూర్తికాకుండా అడవి నేల నుంచి ఎవర్నీ వెళ్లగొట్టకూడదని చట్టంలో సెక్షన్ 4(5) చెబుతుంది.

పల్లీసభ (ఒడిశాలో ఊరి గ్రామసభ) విషయంలో చాలా జాగ్రత్త. మా వైపు ఒక ఊళ్లో రోడ్డు పని మీటింగ్ అని చెప్పి హాజరు పుస్తకంలో వేలిముద్రలు వేయించుకుని, తర్వాత పై పేజీలో వేరే తీర్మానం రాశారు. ఊరికి ఆ సంగతి చాలా ఆలస్యంగా తెలిసింది. తీర్మానం కోయ, కువి, దేశియా ఏ భాష వాళ్లకైతే ఆ భాషలో గట్టిగా చదివించి, కింద గీత కొట్టి, ఆ తర్వాతే వేలిముద్రలు వెయ్యనివ్వండి. వెంటనే ఫోనుతో ఫొటో తియ్యండి. ఊళ్లో పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లలో సగం మంది ఉండాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి, లేకపోతే ఆ సభకి కోరం లేదు. మీరు టీచరు కాబట్టి ఇందులో మీ సాయం చాలా పనికొస్తుంది.

పల్లీసభ మాటకి విలువ ఉండదని ఎవరైనా నిరుత్సాహపెడితే ఒడిశాలోని నియమగిరి కొండల సంగతి గుర్తు చెయ్యండి. అక్కడ బాక్సైట్ తవ్వకం మీద గ్రామసభలే తేల్చాలని సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్‌లో చెప్పింది. రాయగడ, కలహండి జిల్లాల్లో 12 పల్లీసభలు పెడితే 12 కూడా వద్దన్నాయి, తవ్వకం ఆగింది.

ఊరు ఒప్పుకునే పరిస్థితే వస్తే 2013 భూసేకరణ చట్టం దగ్గర పెట్టుకోండి. భూమి పోయే ఎస్టీ కుటుంబానికి పోయినంత గానీ, రెండున్నర ఎకరాలు గానీ, ఏది తక్కువైతే అది భూమిగానే ఇవ్వాలి. నదిలో చేపల హక్కు ఉన్నవాళ్లకి జలాశయంలోనూ ఆ హక్కు ఇవ్వాలి. ఇంతకుముందు ఏ డ్యామ్ వల్లో ఒకసారి లేచిన కుటుంబాలు మీ ఊళ్లో ఉంటే వాళ్ల పేర్లు విడిగా రాయించండి, రెండోసారి నిర్వాసితులైతే అదనపు పరిహారం ఉంది.

టవర్ లైన్లు ఎటు పోతాయో మ్యాపు కూడా ఇప్పుడే అడగండి. లైను కోసం భూమిని సేకరించరు, టవర్ పాతి వెళ్తారు, పరిహారం రికార్డులో పేరున్నవాడికే అందుతుంది. అందుకని లైను పోయే పోడు చేలని కూడా ఈ క్లెయిముల్లోనే కలిపి, ఎవరి చేను ఎక్కణ్నుంచి ఎక్కడిదాకానో హద్దులు, చెట్ల పేర్లతో సహా రాసి పంపండి.