ఆడిట్‌కి వెళ్తున్న మేనకోడలికి

అమ్మలూ,

నువ్వు హైదరాబాదులో ఇన్సూరెన్స్ కంపెనీ ఆడిట్‌కి వెళ్తున్నావని మీ అమ్మ చెప్పినప్పటి నుంచి నాకు కాలు నిలవడం లేదు. శ్రీకాకుళం బ్రాంచిలో లెక్కలు రాసి రిటైరైన మేనమావకి ఇంతకంటే గర్వమేముంది? బెంగ కూడా అంతే ఉంది.

వచ్చిన ప్రీమియమంతా ఆదాయం కాదని నీకు తెలుసు. జనవరి 1న ఏడాది పాలసీకి 36,500 రూపాయలొస్తే, లెక్కలు మూసే మార్చి 31కి గడిచినవి 90 రోజులు, ఆదాయం 9,000. మిగతా 27,500 ఇంకా సంపాదించని డబ్బు, అన్‌ఎర్న్‌డ్ ప్రీమియం రిజర్వుగా అప్పుల వైపే ఉండాలి. జీవిత బీమాలో గ్రేస్ పీరియడ్‌లో, అంటే గడువు దాటాక కట్టడానికి ఇచ్చే అదనపు రోజుల్లో, ఉన్న వాయిదాలు అవుట్‌స్టాండింగ్ (రావలసిన) ప్రీమియంగా కనబడతాయి. ఇవన్నీ చేసేస్తావు.

నా భయమంతా సాధారణ బీమాలో, అంటే జీవిత బీమా కాని అగ్ని, వాహన బీమాల్లాంటి వాటిలో, రావలసిన ప్రీమియం గురించే. 1938 బీమా చట్టం 64వీబీ సెక్షన్ ప్రకారం డబ్బు ముందు అందనిదే కంపెనీ రిస్కు తీసుకోకూడదు. ఏజెంటు వసూలు చేస్తే సెలవులు పోను 24 గంటల్లో జమ చెయ్యాలి. అలాంటప్పుడు పాలసీదారుల బాకీ అంటూ పెద్ద అంకె ఎక్కణ్ణుంచొచ్చింది?

పలాసలో మీ పెదనాన్న జీడి మిల్లు గుర్తుందా? రెన్యువల్ డబ్బు నగదుగా ఏజెంటు చేతిలో పెట్టేశాడు. రసీదు రేపిస్తానన్నాడా ఏజెంటు. తెలిసినవాడు, గట్టిగా అడిగితే బాగోదనుకున్నాడు మీ పెదనాన్న. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను వచ్చి షెడ్డు రేకులు లేపేసింది. పిక్కల బస్తాలు నానిపోయి బూజు పట్టాయి. క్లెయిముకి వెళ్తే పాలసీయే లేదు. ఏజెంటు ఆ డబ్బు కట్టలేదు. తుఫాను వెళ్లాక పట్టుకొచ్చి, పాత తేదీ వేసి కట్టించుకోండని బ్రాంచిలో కాళ్లావేళ్లా పడ్డాడు. వాళ్లు కుదరదన్నారు. మునిగింది మనవాళ్లే అయినా, వాళ్లు చేసిందే సబబు. మీ పెదనాన్న మిల్లు మళ్లీ తెరవలేదు. నీ ఫీజు నేను కడతానని మాటిచ్చిన మనిషి, ఆ మాట పోయిందని చాన్నాళ్లు మీ గడప తొక్కలేదు.

కాబట్టి పాలసీ మొదలైన తేదీ, గంట, డబ్బు జమైన తేదీ పక్కపక్కన పెట్టి చూడు. తుఫాను రోజులు, మార్చి నెలాఖరు మరీ జాగ్రత్త. మార్చిలో తీసుకున్న చెక్కులు ఏప్రిల్లో ఎన్ని వెనక్కొచ్చాయో బ్యాంకు స్టేట్‌మెంటులో వెతుకు.

బాకీలన్నీ తప్పుడువి కావు. పంటల బీమాలో రైతు ఖరీఫ్ ఆహార పంటకి 2 శాతం, రబీకి ఒకటిన్నర కడతాడు, మిగతాది కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు ఇవ్వాలి. ఆ బాకీ నిజమే, కాకపోతే ఎన్నాళ్లనుంచి పడి ఉందో అడుగు. వేరే కంపెనీల నుంచి రావలసిన రీఇన్సూరెన్స్ (బీమా కంపెనీ తన రిస్కుకి తాను చేయించుకునే బీమా) మొత్తాల్ని ఇందులో కలపనివ్వకు.

"తెలుసు మావయ్యా" అని ఫోను పెట్టేసే అలవాటు ముందు మానుకో. పెద్ద మేనేజరు, అడిగితే బాగోదని నోరు మూసుకున్నావో, నేను ఊరుకోను. రాత్రిళ్లు టీలు తాగి కడుపు మాడ్చుకోకు తల్లీ. ఎక్కడైనా అనుమానమొస్తే కంపెనీ పేరు చెప్పకుండా లెక్క మాత్రం అడుగు. ఎంత పొద్దుపోయినా ఫోనెత్తుతాను.

మీ మావయ్య