వాక్స్‌హాల్ సాయంత్రానికి వ్యాఖ్యాతవైన అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

లండన్‌లో మీ సంఘంవారు జూన్‌లో పాతకాలపు వాక్స్‌హాల్ ఉద్యానం (ఒకప్పుడు లండన్ జనం సాయంత్రాలు సంగీతం, దీపాల మధ్య గడిపిన విహారవనం) తరహా వేడుక చేస్తున్నారనీ, వ్యాఖ్యానం నీకు అప్పగించారనీ తెలిసి ఎంతో సంతోషించాను. ఏళ్ల తరబడి సభలు నడిపినదాన్ని గనుక గట్టిగా చెబుతున్నాను: మైకు చేతిలో ఉంది కదా అని మాట్లాడుతూనే ఉండకు.

జొనాథన్ టయర్స్ 1729లో ఆ తోటను కౌలుకు తీసుకుని, 1732లో కొత్త హంగులతో తెరిచాడు. షిల్లింగు చెల్లిస్తే చాలు, యువరాజు తిరిగే బాటల్లోనే ఎవరైనా తిరగవచ్చు. వాద్యబృందం వాయిస్తూ ఉంటే జనం చెట్ల నడుమ తిరుగుతూ వినేవారు. తొమ్మిదింటికి గంట మోగగానే అందరూ ఒకే వైపుకు పరుగెత్తేవారు. తెర తొలగితే తగరపు రేకులతో చేసిన బొమ్మ జలపాతం, దాని పక్కనే నీటిమర చక్రం! కాసేపటికే తెర పడిపోయేది. ఇక దీపాల సంగతి: తోటంతా కాచుకుని ఉన్న పనివాళ్లు ఈల వినగానే వత్తులు ముట్టించేవారు, రెప్పపాటులో వందల దీపాలు వెలిగేవి. ఎవరూ ఏమీ ప్రకటించనక్కర్లేదు. నువ్వూ గంట కొట్టించు, ఈల వేయించు. జూన్‌లో అక్కడ తొమ్మిది దాటితే గాని పొద్దు వాలదు కాబట్టి దీపాలు పదింటికి పెట్టుకో.

పలకరింపు మాత్రం సింప్సన్ దగ్గర నేర్చుకోవాలి. నాకు ఆయనంటే చాలా గౌరవం. 1797 నుంచి దాదాపు నాలుగు దశాబ్దాలు అక్కడి వేడుకలకు పెద్ద ఆయనే. టోపీ పైకెత్తి, వంగి వెల్లింగ్టన్ ప్రభువుకు నమస్కరిస్తున్న ఆయన చిత్రం ఈనాటికీ ఉంది. వచ్చినవారందరికీ అదే మర్యాద. 1833లో ఆయన గౌరవార్థం జరిగిన వేడుకలో 45 అడుగుల ఆయన రూపాన్ని రంగుదీపాలతో నిలబెట్టారు. అందుకని మొదటి గంటసేపు వేదిక ఎక్కకు, గేటు దగ్గరే ఉండు. ఒంటరిగా వచ్చినవారిని, మన భాష రాని కోడళ్లను, అల్లుళ్లను ముందు పలకరించు. పెద్దలను ఒక్కొక్కరినే పిలిచి శాలువాలు కప్పే తంతు ఆ రోజుకు వద్దని సంఘంవారికి ఇప్పుడే చెప్పు. సగం సాయంత్రం దానికే పోతుంది.

భోజనంలో మాత్రం వాక్స్‌హాల్ దారి పట్టకండి. అక్కడ మాంసం ముక్కలు మరీ పల్చగా కోస్తారని ఊరంతా ఆడిపోసుకునేది. కడుపునిండా పెట్టండి.

ఆ తోటకు వానతో ఎప్పుడూ చిక్కే. చెల్సీలో 1742లో తెరిచిన రానెలా అనే మరో విహారవనానికి పెద్ద గుండ్రటి మందిరం ఉండేది కాబట్టి ఆ బెంగ లేదు. మీ గుడారంలో ఎంతమంది పడతారో ఈ వారమే కనుక్కుని నాకు రాయి. దాన్నిబట్టి వాద్యబృందాన్ని ఎక్కడ కూర్చోబెట్టాలో చెబుతాను.

మీ పెద్దమ్మ