స్పానిష్‌లో ‘దెమసియాదో’ అంటే ‘చాలా’ అనేనా?

దెమసియాదో అంటే ‘చాలా’ అనే కదా, మరి ఒకచోట దెమసియాదా, ఇంకోచోట దెమసియాదోస్ అని ఎందుకు మారుతోంది అని అడిగారు.

‘చాలా’కు ముయ్, ముచో అని వేరే మాటలున్నాయి. దెమసియాదో అంటే మన ‘మరీ’. ముయ్ పికాంతే అన్నవాళ్లు చెమటలు తుడుచుకుంటూ ఇంకో ముద్ద తింటారు. దెమసియాదో పికాంతే అంటే మరీ కారంగా ఉంది, ఇక నా వల్ల కాదని.

ఇక రూపం మారడం సంగతి. నామవాచకం ముందు వస్తే ఇది విశేషణం, దాని లింగవచనాలను బట్టి మారుతుంది. దెమసియాదా సాల్ అంటే ఉప్పు మరీ ఎక్కువని, దెమసియాదోస్ కోచెస్ అంటే కార్లు మరీ ఎక్కువని. నేనుండే వాలెన్సియాలో సెంట్రల్ మార్కెట్‌కి వెళ్తే ఇది ఊరికే చెవిన పడుతుంది. కొట్టావిడ సంచిలో నారింజలు వేస్తూ ‘అసీ?’ (ఇన్ని చాలా?) అంటుంది. కొనే ఆవిడ ‘ఉయ్, దెమసియాదాస్!’ అంటుంది. అవే టమాటాలైతే ‘దెమసియాదోస్’. కాయ పేరు ఎవరూ ఎత్తరు, అయినా మాట చివర మాత్రం దాని లింగానికి తగ్గట్టే పలుకుతుంది.

మరో విశేషణం ముందు వస్తే మాత్రం అస్సలు మారదు. మనవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. కాసా (ఇల్లు) స్త్రీలింగమైనా ‘లా కాసా ఎస్ దెమసియాదో కారా’ అనే అనాలి, ఇల్లు మరీ ఖరీదు అని. దెమసియాదా కారా అంటే కథ మారిపోతుంది. కారా అంటే ముఖం కూడా. స్పెయిన్‌లో ఎవరికైనా ‘చాలా కారా ఉంది’ అంటే సిగ్గూ ఎగ్గూ లేదని అర్థం. ఓనరు ముందు కాస్త చూసుకుని మాట్లాడండి.

లాటిన్ అమెరికా వాళ్ల దగ్గర ఇంకో చిక్కు. మా కొలంబియా కొలీగ్ బిర్యానీ తిని ‘దెమసియాదో రీకో’ (రీకో అంటే రుచిగా ఉందని) అంటే మెచ్చుకోలే, వంక పెట్టడం కాదు. అక్కడ మామూలు మాటల్లో దీన్ని ‘ఎంతో’ అనే అర్థంలోనూ వాడతారు. తే కియెరో దెమసియాదో అని ఎవరైనా మీతో అంటే, ప్రేమ మితిమీరిందని కంగారు పడక్కర్లేదు.

మనం ‘ఓవర్ చేస్తున్నాడు’ అంటామే, దానికి మాత్రం ఇది పనికిరాదు. ‘కే ఎక్సహెరాదో!’ అనండి.