కచేరీ సౌండ్‌కు వెయ్యి వాట్ల వాల్వు యాంప్లిఫయర్ పనికొస్తుందా?

ఆరుబయట కచేరీల కోసం ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్లు మానేసి, వెయ్యి వాట్ల వాల్వు (ట్రాన్సిస్టర్లకు ముందు వాడిన, లోపల వేడెక్కే గాజు గొట్టం) యాంప్లిఫయర్ చేయించుకోవచ్చా అని అడిగారు. ధ్వనిలో ఆ నిండుదనం కావాలన్నారు.

వాల్వు ధ్వని అంటే నాకూ ప్రాణం. చాలా ఏళ్లు ఈ యాంప్లిఫయర్లను బాగుచేశాను, కచేరీలకు మోసుకెళ్లాను. అయినా మైదానమంతా వినిపించే ప్రధాన స్పీకర్లకు మాత్రం వాల్వులు వద్దనే చెబుతాను. వాటి చోటు వేదిక మీద, గిటారు పక్కన.

ఒకప్పుడు ఈ పని నిజంగానే చేశారు. 1969లో అమెరికాలో జరిగిన వుడ్‌స్టాక్ సంగీత ఉత్సవంలో మెకింతోష్ ఎం.సి.3500 యాంప్లిఫయర్లు వాడారు. ఒక్కోటి 350 వాట్లు, ఒకే ఛానల్, దానికే స్పీకర్‌కు శక్తినిచ్చే అవుట్‌పుట్ వాల్వులు ఎనిమిది. ఐదేళ్లు తిరిగేసరికి, 1974లో గ్రేట్‌ఫుల్ డెడ్ అనే అమెరికన్ రాక్ బృందం నిలబెట్టిన భారీ స్పీకర్ల గోడ ‘వాల్ ఆఫ్ సౌండ్’ను ప్రధానంగా నడిపినవి అదే కంపెనీ ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్లు. వాల్వుల రుచి బాగా తెలిసినవాళ్లే అటు మళ్లారు.

ఎందుకో లెక్క వేసి చూడండి. కె.టి.88 అనే రకం వాల్వులు ఒక జతకు సుమారు 100 వాట్లు ఇస్తాయి. వెయ్యి వాట్లకు ఇరవై వాల్వులు కావాలి. ఒక్కో వాల్వును లోపల వేడిచేసే తీగ, అంటే హీటరు, 6.3 వోల్టుల దగ్గర 1.6 ఆంపియర్లు తీసుకుంటుంది, అంటే పది వాట్లు. ఒక్క స్వరమైనా పలకకముందే 200 వాట్లు వేడిగా పోతాయి. ఇరవై వాల్వులూ సమానంగా కరెంటు లాగాలి. ఒకటి ఎక్కువ లాగితే దాని లోపలి లోహపు రేకు (ప్లేటు) ఎర్రగా కాలడం మొదలవుతుంది. లారీలో కుదుపులకు సాకెట్లు వదులవుతాయి. ఇక బరువు: 300 వాట్ల ఆంపెగ్ ఎస్.వి.టి. బేస్ యాంప్లిఫయర్, స్పీకర్ పెట్టె లేకుండానే, దాదాపు 38 కిలోలు. మంద్రస్వరాలను పూర్తి శక్తితో పంపాలంటే వాల్వులకూ స్పీకర్‌కూ మధ్య ఉండే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లో అంత ఇనుము ఉండాల్సిందే. ఇంత చేసి వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే, చెవికి కొద్దిపాటి తేడా.

అన్నిటికన్నా నన్ను భయపెట్టేది స్పీకర్ తీగ. ఒక కచేరీలో నాలుగు వాల్వుల 200 వాట్ల యాంప్లిఫయర్ గిటారుకు పెట్టాం. పాట మధ్యలో ఎవరి కాలో తగిలి తీగ ఊడింది. ధ్వని ఆగిపోయిందని గిటారు వాయించే అబ్బాయి వాల్యూమ్ పెంచి ఇంకా గట్టిగా మీటాడు. వెనక నుంచి ‘టప్’మని చప్పుడు, నీలిరంగు మెరుపు, ఆపైన కమురు వాసన. మర్నాడు విప్పితే సాకెట్ పిన్నుల మధ్య వెంట్రుకంత నల్లటి బొగ్గు గీత ఉంది. గోటితో గీకినా పోలేదు. ఆ గీత గుండా కరెంటు పారుతుంది కాబట్టి సాకెట్ మార్చాను. ట్రాన్స్‌ఫార్మర్‌లో వాల్వుల వైపు ఉండే ప్రైమరీ చుట్ట కూడా మాడిపోయింది. ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్‌కు స్పీకర్ తీగలు ఒకదానికొకటి తగలడం (షార్ట్) ప్రమాదం, వాల్వు యాంప్లిఫయర్‌కు లోడ్, అంటే స్పీకర్, లేకపోవడం ప్రమాదం. దారి మూసుకుపోయిన శక్తి ప్రైమరీ వైపు వేల వోల్టులుగా ఎగదన్నుతుంది. వందల మంది తిరిగే చోట తీగలు ఊడకుండా ఎవరూ కాపలా కాయలేరు.

మీరు కోరుకునే నిండుదనం వాల్వు తన హద్దు దాకా వెళ్లి ధ్వని తరంగాన్ని మెల్లగా వంచడంలో ఉంది. 50 వాట్ల గిటారు యాంప్లిఫయర్‌లోనే అది దొరుకుతుంది. దాని స్పీకర్ ముందు మైకు పెట్టండి. ఆ ధ్వనిని ఉన్నదున్నట్టు జనానికి చేర్చే పని ట్రాన్సిస్టర్లకు వదలండి. ప్రధాన వ్యవస్థ కూడా ధ్వనిని అలా వంచిందంటే గొంతు, డ్రమ్స్, గిటారు కలిసి ముద్దవుతాయి. గాయకుల గొంతుకు వాల్వు స్పర్శ కావాలంటే మైకు సంకేతాన్ని మొదట పెంచే చిన్న వాల్వు ప్రీయాంప్లిఫయర్ చాలు.

వేదిక యాంప్లిఫయర్‌ను మీరే విప్పాల్సి వస్తే ఒక్క మాట. ప్లగ్ తీసేసినా కరెంటును నిల్వ ఉంచుకునే కెపాసిటర్లలో 500 వోల్టులకు పైగా మిగిలి ఉండవచ్చు. రెసిస్టర్ ద్వారా నెమ్మదిగా ఖాళీ చేసి, మీటరుతో కొలవండి. 20 వోల్టుల కన్నా తగ్గిందని కళ్లతో చూశాకే లోపల చేయి పెట్టండి.